వసిష్ఠుడి పక్కన చిన్న చుక్క

(గోదావరి జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాల మైదానంలో, ఉగాది వెళ్లిన నాలుగో రోజు రాత్రి ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక నేల మీద కూర్చున్నవాళ్లకూ, పక్క ఊళ్ల నుంచి పిల్లల్ని బండి మీద ఎక్కించుకుని వచ్చిన తల్లిదండ్రులకూ మరీ మరీ నమస్కారం. హెడ్మాస్టరు గారిని నేను అడిగింది ఒక్కటే. స్టేజీ వద్దు, షామియానా వద్దు, నెత్తిన ఆకాశం కనిపించే చోట మాట్లాడనివ్వండి అన్నాను. సరేనన్నారు. నా వెనక ఉన్న రెండు లైట్లు ప్రస్తుతానికి ఉండనివ్వండి. నా మాటలు అయ్యాక తీయిద్దాం.

ఈ రాత్రి మనం మాట్లాడుకునేది సప్తర్షి మండలం గురించి. కానీ నా మనసంతా అందులోని ఏడు పెద్ద చుక్కల మీద కంటే, వాటిలో ఒకదాని పక్కన అణిగి ఉండే ఎనిమిదో చుక్క మీదే ఉంటుంది. అదే అరుంధతి. నలభై ఏళ్లుగా దాన్ని చూస్తున్నాను, పిల్లలకు చూపిస్తున్నాను. ప్రపంచంలో ఎక్కడెక్కడి మనుషులు ఆ చుక్క గురించి ఏమేం చెప్పుకున్నారో చదివినకొద్దీ నాకు ఒక నమ్మకం కుదిరింది. ఈ కథలు కట్టినవాళ్లు కళ్లు మూసుకుని ఊహించలేదు. రాత్రుల తరబడి ఆకాశం చూశారు. చూసింది మరిచిపోకుండా ఉండటానికి కథ కట్టుకున్నారు. కథ విప్పితే లోపల వాళ్లు చూసిన సంగతి దొరుకుతుంది.

ముందు మా నాయనమ్మ చెప్పిన కథతో మొదలుపెడతాను. వేసవిలో వాకిట్లో నులక మంచాలు వేసుకుని పడుకునేవాళ్లం. ఆవిడకి సప్తర్షులు తెలియదు. ఆవిడకి అది ముసలమ్మ మంచం. నలుచదరంగా ఉన్న నాలుగు చుక్కలు మంచం కోళ్లు. వెనకాల వంపుగా ఉన్న మూడు చుక్కలు ముగ్గురు దొంగలు. ముసలమ్మకు కునుకు పడితే మంచం ఎత్తుకుపోదామని కాచుకుని ఉంటారు. ముసలమ్మ నిద్రపోదు. "ఒక కోడు మాసిపోయిందేం నాయనమ్మా?" అని అడిగితే, "దొంగలు రాత్రీ పగలూ చేతులేసి లాగుతుంటే మాసిపోదూ?" అనేది. పెద్దయ్యాక పుస్తకాల్లో చదివాను. ఆ నాలుగింటిలో ఒకటి, వెనకాలి మూడు చుక్కల తోక మొదలయ్యే మూలన ఉన్నది, మిగతా ఆరింటికంటే స్పష్టంగా మసక. మన శాస్త్రాల్లో దాని పేరు అత్రి. బడి ముఖం చూడని మా నాయనమ్మ ఆ తేడా కనిపెట్టింది, దానికి కారణం కూడా చెప్పింది. మధ్య భారతంలోని గోండులు కూడా ఆ నాలుగు చుక్కల్ని మంచమనే అంటారని, వెనకాల ఉన్నవాళ్లు దొంగలని తర్వాత తెలిసింది. ఋషుల పేర్లు బ్రాహ్మణ వీధుల్లో, మంచం పేరు మా వీధిలో. రెండూ ఒకే ఆకాశం కింద బతికాయి.

ఇక పేర్లు. వరాహమిహిరుడు బృహత్సంహితలో సప్తర్షుల వరస స్పష్టంగా చెప్పాడు. తూర్పు కొసన, అంటే తోక చివర, మరీచి. తర్వాత వసిష్ఠుడు. తర్వాత అంగిరసుడు. మంచం మొదలయ్యే చోట అత్రి, ఆ తర్వాత పులస్త్యుడు, పులహుడు, చివరికి క్రతువు. అరుంధతి వసిష్ఠుణ్ణి ఆశ్రయించి ఉంటుందని కూడా ఆయనే రాశాడు. పిల్లలూ, తోకలో మూడు చుక్కలు, మూడింటిలో నడిమిది వసిష్ఠుడు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి, ఇంకాసేపట్లో పని పడుతుంది.

వీళ్లను ఋషులు అనకముందు మనవాళ్లు ఏమన్నారో తెలుసా? ఋక్షాలు అన్నారు. ఋక్షం అంటే సంస్కృతంలో నక్షత్రం, ఎలుగుబంటి కూడా. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అంటాం కదా, ఆ ఋక్షమే. ఋగ్వేదం మొదటి మండలంలో ఒక మంత్రం ఉంది: "అమీ య ఋక్షా నిహితాస ఉచ్చా నక్తం దదృశ్రే కుహ చిద్దివేయుః". పైన ఎత్తున నిలిపిన ఈ ఋక్షాలు రాత్రి కనిపిస్తాయి, పగలు ఎక్కడికి పోతాయి? చంటిపిల్లలు అడిగే ప్రశ్న. వేదంలో ఉంది. శతపథ బ్రాహ్మణం అయితే తేల్చి చెప్పేసింది, సప్తర్షులను పూర్వం ఋక్షాలు అనేవారు అని.

ఇప్పుడు గ్రీసు వెళ్దాం. అక్కడ ఈ చుక్కలు ఎలుగుబంటే. గ్రీకులు ఎలుగును ఆర్క్‌టోస్ అంటారు. ఋక్షం, ఆర్క్‌టోస్ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. భూమికి ఉత్తరపు కొసను ఆర్కిటిక్ అంటున్నామంటే, ఆ ఎలుగు ఉండే దిక్కు అనే అర్థం. స్వాతి నక్షత్రానికి వాళ్ల పేరు ఆర్క్‌టురస్, ఎలుగుకు కాపలాదారు.

కథ ఏమిటంటే, ఆర్కేడియా అనే కొండల దేశానికి లైకాన్ అని రాజు. ఆయన కూతురు కలిస్టో. పెళ్లి వద్దని, వేట దేవత ఆర్టెమిస్ వెంట అడవుల్లో తిరిగే కన్య. దేవతల రాజు జ్యూస్ ఆమెను మోసంతో చెరిచాడు. ఆమె గర్భవతి అని తెలిసి ఆర్టెమిస్ గుంపులోంచి వెళ్లగొట్టింది. కొడుకు పుట్టాడు, పేరు అర్కస్. అప్పుడు జ్యూస్ భార్య హీరా వచ్చి, మొగుణ్ణి ఏమీ అనలేక, ఆ పిల్లను పట్టుకుని ఎలుగుబంటిని చేసింది. మనసు మనిషిదే, ఒళ్లు జంతువుది. మాట్లాడబోతే గుర్రుమనే చప్పుడు. తనే ఎలుగు అయ్యుండీ అడవిలో ఎలుగుల్ని చూసి దాక్కునేదట. పదిహేనేళ్లకు కొడుకు వేటకు వచ్చాడు. తల్లి గుర్తుపట్టి దగ్గరికి రాబోయింది. వాడు బల్లెం ఎత్తాడు. ఆ క్షణంలో జ్యూస్ ఇద్దర్నీ ఎత్తి ఆకాశంలో పెట్టాడు. హీరా కోపం అప్పటికీ చల్లారలేదు. సముద్ర దేవతల దగ్గరికి వెళ్లి, ఆ ఎలుగును మీ నీళ్లలో మునగనివ్వొద్దని మాట తీసుకుంది. అందుకే ఆ ఎలుగుకు ఏనాడూ స్నానం లేదు. రోమన్ కవి ఓవిడ్ ఈ కథను మనసు కరిగేలా రాశాడు. చేసినవాడికి శిక్ష లేదు, పడినదానికి రెండు శిక్షలు. నాకు ఈ కథ చదివినప్పుడల్లా మన అహల్య గుర్తుకొస్తుంది.

కానీ ఆ స్నానం సంగతి చూడండి. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కూడా అదే అంటాడు, సముద్రంలో మునగని చుక్కల గుంపు అదొక్కటే అని. ఆయన కావ్యంలోని వీరుడు ఓడిసియస్ తెప్ప కట్టుకుని ఇంటికి బయల్దేరినప్పుడు, ఆ ఎలుగును ఎడమ చేతి వైపు ఉంచుకుని నడుపు అని కలిప్సో అనే దేవత చెబుతుంది. ఎలుగు ఉత్తరాన ఉంటుంది. ఉత్తరం ఎడమ చేతికి ఉంటే పడవ తూర్పుకు పోతున్నట్టే. అది కథ, అదే పడవవాడికి దారి కూడా. గ్రీసు మనకంటే చాలా ఉత్తరాన ఉంది. అక్కడ ధ్రువ నక్షత్రం ఆకాశంలో బాగా ఎత్తున ఉంటుంది. దాని చుట్టూ తిరిగే ఎలుగు, హోమర్ కాలంలో, రాత్రంతా తిరిగినా దిగంతం కిందికి దిగేది కాదు. అస్తమయం లేని చుక్కలు అన్నమాట. దానికి వాళ్లు చెప్పుకున్న కారణం హీరా కోపం.

మన ఊళ్లో ఆ కథ చెల్లదు. ఇక్కడ ధ్రువుడు దిగంతానికి 17 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. చెయ్యి బారచాపి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో పది డిగ్రీలు. అంటే రెండు పిడికిళ్ల ఎత్తు కూడా లేదు. ఏ ఊళ్లోనైనా ధ్రువుడి ఎత్తు ఎంతో ఆ ఊరి అక్షాంశం అంత, పిల్లలూ, దీన్ని మీరే ప్రొట్రాక్టరుతో కొలుచుకోవచ్చు. ధ్రువుడు అంత కిందుగా ఉండటం వల్ల ఏడుగురు ఋషులూ మనకు రోజూ వాయవ్యాన దిగిపోతారు, మళ్లీ ఈశాన్యాన లేస్తారు. మన సప్తర్షులకు నిత్యస్నానం ఉంది. ఋషులకు అదే కదా పద్ధతి! గ్రీకువాడు గోదావరి ఒడ్డున పుట్టి ఉంటే హీరా శాపం కథ కట్టగలిగేవాడు కాదు. ఏ నేల మీద నిలబడి చూశారో ఆ నేల కథలో ఉంటుంది.

మరీ దూరంగా, ఇప్పటి కెనడా తూర్పు తీరంలో మిక్‌మాక్ అనే ఆదివాసీ జనం ఉన్నారు. యూరప్‌తో ఏ రాకపోకలూ లేని రోజుల నుంచీ వాళ్లకూ అది ఎలుగే. కాకపోతే నాలుగు చుక్కలే ఎలుగు, వెనకాల వచ్చేవాళ్లు వేటగాళ్లు. వేటగాళ్లందరూ పక్షులు. తోకలో మూడు, వాటి వెనక స్వాతి దగ్గర నాలుగు, మొత్తం ఏడు. వసంతంలో ఎలుగు తన గుహలోంచి బయటికి వస్తుంది. చికడీ అనే బుల్లి పిట్ట ముందు చూస్తుంది. ఒక్కదాని వల్ల కాదని మిగతావాళ్లను పిలుస్తుంది. వేసవంతా ఉత్తరపు ఆకాశంలో తరుముతారు. శరదృతువు వచ్చేసరికి వెనకున్న నాలుగు పక్షులూ దారి తప్పుతాయి. నిజంగానే ఆ కాలంలో సాయంత్రం ఆ నాలుగు చుక్కలూ ముందే అస్తమిస్తాయి. మిగిలిన ముగ్గురిలో రాబిన్ పిట్ట బాణం వేస్తుంది. ఎలుగు వెల్లకిలా పడుతుంది. నెత్తురు రాబిన్ రొమ్ము మీద చిమ్ముతుంది, అందుకే దాని రొమ్ము ఎరుపు. రెక్కలు దులిపితే ఆ నెత్తురు మేపుల్ చెట్ల మీద పడుతుంది, అందుకే ఆ కాలంలో అక్కడి అడవులన్నీ ఎర్రబడతాయి. చలికాలం సాయంత్రాల్లో ఎలుగు అనుకున్న నాలుగు చుక్కలూ ఉత్తరాన కిందుగా, వీపు నేలకు ఆనించినట్టు ఉంటాయి. వసంతంలో మళ్లీ కొత్త ఎలుగు లేస్తుంది.

ఇది ఒక పూర్తి సంవత్సరపు పంచాంగం. చెట్టు, పిట్ట, జంతువు, చుక్క, అన్నీ ఒకే తాడు మీద కట్టారు. నా దృష్టిలో ఆకాశం మీద అల్లిన కథల్లో ఇంత పొందికైనది ఇంకొకటి లేదు. అందులో నన్ను కట్టిపడేసింది ఒక చిన్న మాట. బుల్లి పిట్ట చికడీ అన్నానే, అది మన వసిష్ఠుడు. ఆ పిట్ట ఎలుగు మాంసం వండటానికి ఒక కుండ మోసుకుపోతూ ఉంటుందట. ఆ కుండే మన అరుంధతి!

మనకు మహా పతివ్రత, వాళ్లకు వంట కుండ. ఏది గొప్ప అని కాదు. ఇద్దరూ ఆ చుక్కను చూశారు. అంత మసక చుక్కను వదిలేయకుండా కథలో చోటిచ్చారు. అరబ్బులు ఆ చుక్కను సుహా అన్నారు, పట్టించుకోకుండా వదిలేసింది అని అర్థం. వాళ్లకు ఈ మండలం ఒక శవయాత్ర. నాలుగు చుక్కలు పాడె, మూడు చుక్కలు పాడె వెంట ఏడుస్తూ నడిచే కూతుళ్లు. సుహా కనిపిస్తే చూపు బాగున్నట్టు లెక్క. నేను సుహా చూపిస్తే వాడు నాకు చంద్రుణ్ణి చూపించాడు అని వాళ్లలో సామెత. సూక్ష్మం చెబితే స్థూలం పట్టుకున్నాడని.

చూపు సంగతి మన హితోపదేశంలో ఇంకా గట్టిగా ఉంది. ఆయువు తీరినవాళ్లు ఆరిన దీపం వాసన పట్టలేరు, స్నేహితుల మాట వినలేరు, అరుంధతిని చూడలేరు అని ఒక శ్లోకం. మా పెద్దవాళ్లు దీన్ని చెప్పి భయపెట్టేవారు. జపాన్‌లోనూ ఇలాంటి నమ్మకమే ఉంది, ఈ చుక్క కనపడనివాడు ఆ ఏడాది దాటడని. ముసలితనంలో కంటికి శుక్లం వస్తుంది, ముందు పోయేది ఇలాంటి మసక చుక్కే. ఆపరేషన్లు లేని రోజుల్లో శుక్లం వచ్చిన వయసు అంటే చివరి వయసే. వాళ్లు చూసింది నిజం. ఇక్కడ కూర్చున్న తాతలు, మామ్మలు ఈ రాత్రి అది కనపడకపోతే టెన్షన్ పడకండి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి, అంతే.

చైనావాళ్ల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. వాళ్లకు ఇది గరిటె, ఉత్తరపు గరిటె. రాత్రి మొదలయ్యేటప్పుడు గరిటె కాడ తూర్పుకు చూపిస్తే వసంతం, దక్షిణానికి చూపిస్తే వేసవి, పడమటికి శరత్తు, ఉత్తరానికి చలికాలం. మీ ఫోన్లలో దారి చూపించడానికి వాడే ఉపగ్రహాల్లో చైనావాళ్లవీ ఉన్నాయి, వాటి పేరు బైడౌ. అంటే ఈ ఉత్తరపు గరిటే.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

అరుంధతి ఎందుకు ఒక్కతే అక్కడ ఉంది? సప్తర్షులందరికీ భార్యలున్నారు కదా, మిగతా ఆరుగురు ఏరి? దీనికి జవాబు శతపథ బ్రాహ్మణంలో మొదలై మహాభారతం అరణ్యపర్వంలో పూర్తవుతుంది. ఆ ఆరుగురూ కృత్తికలు. శతపథం చెప్పేది చాలా క్లుప్తం. కృత్తికలు ఒకప్పుడు ఋక్షాల భార్యలు, కానీ వాళ్లకు కలయిక లేకుండా పోయింది, సప్తర్షులు ఉత్తరాన ఉదయిస్తారు, కృత్తికలు తూర్పున ఉదయిస్తారు అని. అంతే. రెండు దిక్కుల మధ్య దూరాన్ని మొగుడూ పెళ్లాల ఎడబాటుగా చూశాడు ఆ మనిషి.

భారతంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పిన కథ ఇది. సప్తర్షుల యజ్ఞానికి వచ్చిన అగ్ని వాళ్ల భార్యలను చూసి మోహపడ్డాడు. తప్పని తెలిసి, తట్టుకోలేక అడవికి పోయాడు. దక్షుడి కూతురు స్వాహా అగ్నిని ప్రేమిస్తోంది. ఇదే అదను అనుకుని, ముందు అంగిరసుడి భార్య రూపం పట్టి అగ్ని దగ్గరికి వెళ్లింది. తర్వాత మరొకరి రూపం. అలా ఆరుగురి రూపాలు పట్టింది. ఏడోది మాత్రం పట్టలేకపోయింది. అరుంధతి తపస్సు, పాతివ్రత్యం అలాంటివి, ఆమె రూపం పరాయిదానికి లొంగలేదు. అలా పుట్టినవాడు కుమారస్వామి, ఆరు ముఖాలతో. ఇక లోకం మాటలు మొదలయ్యాయి. ఋషుల భార్యలే ఆ బిడ్డ తల్లులని. స్వాహా వచ్చి, ఈ కొడుకు నాకు పుట్టినవాడు అని చెప్పింది. జరిగింది తెలిసిన విశ్వామిత్రుడు కూడా, మీ భార్యల తప్పేమీ లేదు అని ఋషులకు చెప్పాడు. అంతా విన్నారు, అయినా ఆరుగురు ఋషులు ఆరుగురు భార్యలనూ వదిలేశారు. వాళ్లు వెళ్లి కుమారస్వామిని ఆశ్రయించారు. ఆకాశంలో కృత్తికలయ్యారు. కార్తికేయుడు అనే పేరు వాళ్ల వల్లే వచ్చింది.

ఈ కథను మన పెళ్లిళ్లలో అరుంధతి మహిమగా చెబుతాం. చెప్పాల్సిందే. కానీ నాకు ఆ ఆరుగురి మీదే ధ్యాస పోతుంది. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. వాళ్ల రూపాన్ని ఇంకొకరు వాడుకున్నారు. సాక్ష్యం ఉంది, అయినా వదిలేశారు. కథ రాసినవాడు దీన్ని దాచలేదు, నిర్దోషులనే రాసి పెట్టాడు. ఇప్పుడు చూడండి, ఉగాది రోజుల్లో ఈ వేళకు కృత్తికలు పడమట దిగిపోతూ ఉంటారు. ఆరు చుక్కల చిన్న ముద్ద, అదిగో ఆ కొబ్బరిచెట్ల పైన. అదే వేళకు సప్తర్షులు ఈశాన్యం నుంచి పైకి ఎక్కుతూ ఉంటారు. భార్యలు దిగిపోతుంటే భర్తలు పైకి లేస్తున్నారు. కార్తీక మాసం వస్తే తిరగబడుతుంది. పొద్దుగూకగానే కృత్తికలు తూర్పున లేస్తారు, ఋషులు అప్పటికి దిగంతం కింద ఉంటారు, తెల్లవారుజామున గానీ రారు. ఏ కాలమైనా ఎడమే. ఒక్క వసిష్ఠుడికి మాత్రం భార్య పక్కన ఉంది. మూడు వేల ఏళ్ల కిందట ఎవరో ఈ ఎడాన్ని చూసి బాధపడ్డాడు. ఆ బాధ నుంచే ఈ కథ పుట్టిందని నా నమ్మకం.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి నా సంగతి చెబుతాను. మా పెళ్లి వైశాఖంలో, పగలు పదకొండు గంటల ముహూర్తం. పురోహితుడు గారు మమ్మల్ని పందిరి బయటికి తీసుకొచ్చి ఉత్తరం వైపు చెయ్యి చూపించి, అరుంధతి కనిపించిందా అన్నారు. నెత్తిన మండే ఎండ. ఇద్దరం కనిపించింది అన్నాం. మా ఆవిడ ఇదిగో ముందు వరసలో ఉంది, అడగండి. సైన్సు చదువుకున్నవాణ్ణి, పెళ్లి పీటల మీద చెప్పిన మొదటి మాటే అబద్ధం కావడం నన్ను చాలా రోజులు పీకింది. ఆరేళ్ల తర్వాత ఒక రాత్రి కరెంటు పోయింది. పిల్లాణ్ణి ఎత్తుకుని డాబా మీదికి వెళ్లాం. అప్పుడు చూశాం, ఇద్దరం, నిజంగా. ఆ రాత్రే మా పెళ్లి పూర్తయిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆశ్వలాయన గృహ్యసూత్రంలో ఈ తంతు ఎలా ఉందో తెలుసా? ధ్రువుణ్ణి, అరుంధతిని, సప్తర్షులను చూసి ఆ తర్వాతే నోరు విప్పాలి అని ఉంది. అంటే చుక్కలు పొడిచేదాకా మౌనం. కొత్త జీవితంలో మొదటి మాట ఆ చుక్కల్ని చూశాకే. పురోహితులు ఇక్కడ ఎవరైనా ఉంటే నా విన్నపం ఒక్కటే. పగటి ముహూర్తమైనా సరే, ఆ రాత్రి భోజనాలయ్యాక ఆ జంటను ఐదు నిమిషాలు మేడ మీదికి తీసుకెళ్లండి. మంత్రం ఎలాగూ మీ నోట్లో ఉంటుంది.

ధ్రువుడి కథ మీకందరికీ తెలుసు. సవతి తల్లి సురుచి తండ్రి ఒళ్లోంచి దింపేయడం, తల్లి సునీతి ఓదార్చడం, నారదుడి ఉపదేశం, ఐదేళ్ల పిల్లవాడి తపస్సు. పోతన గారి భాగవతం నాలుగో స్కంధంలో చదువుకోండి. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. క్రతువు, పులహుడు అనే ముందరి రెండు చుక్కలను కలిపి ఆ గీతను ఐదింతలు పొడిగిస్తే ధ్రువుడు. కానీ భూమి అక్షం బొంగరంలా తల తిప్పుతూ ఉంటుంది, ఒక చుట్టుకు సుమారు 26,000 ఏళ్లు. అందుకని 4,800 ఏళ్ల కిందట ధ్రువ స్థానంలో ఉన్నది ఇప్పటి చుక్క కాదు, థూబన్ అనే ఇంకో చుక్క. మరో 12,000 ఏళ్లకు అభిజిత్తు దాని దరిదాపులకు వస్తుంది. పురాణంలో విష్ణువు ధ్రువుడికి ఇచ్చింది ఒక పదం, అంటే స్థానం. ఆ పీఠం ఉంది, కూర్చునేవాళ్లు మారుతున్నారు.

ఇక దుర్భిణి చెప్పిన కథ. గెలీలియో స్నేహితుడు కస్టెల్లి 1617లో వసిష్ఠుణ్ణి దుర్భిణితో చూస్తే అది ఒక చుక్క కాదు, రెండు. అరుంధతిని వదిలేసి, వసిష్ఠుడే రెండు. 1889లో అమెరికాలో పికరింగ్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ రెండింట్లో పెద్దదాని వెలుగును వర్ణపటంగా విడదీసి చూస్తే, గీతలు జంటలుగా విడిపోతూ కలుస్తూ ఉన్నాయి. అంటే అదీ ఇద్దరే. రెండోదీ ఇద్దరే అని తర్వాత తేలింది. 2009లో అరుంధతి పక్కన కూడా ఒక ఎర్రని చిన్న చుక్క దొరికింది. మీరు ఈ రాత్రి చూడబోయే రెండు చుక్కల్లో మొత్తం ఆరు సూర్యుళ్లు ఉన్నారు. మనకు 80 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరం. ఇప్పుడు మీ కంట పడే వెలుగు మనకు స్వాతంత్ర్యం రాకముందు బయల్దేరింది.

ఇంకొకటి కూడా నాకు చాలా ఇష్టం. 1869లో ప్రాక్టర్ అనే ఆయన ఏడు చుక్కల కదలికలూ కొలిస్తే, నడుమ ఐదు ఒకే దిక్కుకు ఒకే వేగంతో పోతున్నాయని తేలింది. మొదట ఉన్న క్రతువూ, చివర ఉన్న మరీచీ మాత్రం వేరే దారి. ఆ ఐదింటితో పాటు అరుంధతి కూడా నడుస్తోంది. ఒకే మేఘంలో పుట్టిన తోబుట్టువులు వాళ్లు. లక్ష ఏళ్లు పోతే ఈ ఆకారం చెదిరిపోతుంది, మంచమూ ఉండదు, ఎలుగూ ఉండదు.

వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతోంది. మిగతా జంట నక్షత్రాల్లో ఒకటి ఇంకోదాని చుట్టూ తిరుగుతుంది, వసిష్ఠుడు అరుంధతి మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు, అది మన ఋషులకు ముందే తెలుసు అని. పిల్లలు చాలామంది నన్ను అడిగారు. అది నిజం కాదు. ఏ జంట నక్షత్రమైనా రెండూ కలిసి నడిమి బిందువు చుట్టూనే తిరుగుతాయి. ఈ ఇద్దరూ అలా ఒక్క చుట్టు పూర్తి చేయడానికి లక్షల ఏళ్లు కావాలి, ఏ మనిషి కంటికీ ఆ తిరుగుడు అందదు. మన పూర్వుల గొప్పతనానికి ఈ కల్పన అవసరం లేదు. వాళ్లు నిజంగా చూసింది ఒకటి చెబుతాను. భీష్మపర్వంలో యుద్ధానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రుడికి దుశ్శకునాలు చెబుతూ, అరుంధతి వసిష్ఠుణ్ణి వెనక్కు నెట్టి ముందు నడుస్తోంది అంటాడు. మామూలుగా ఆకాశంలో వసిష్ఠుడు ముందు పోతాడు, అరుంధతి ఒక నిమిషం పైచిలుకు తేడాతో వెనక వస్తుంది. ఈ రెండు చుక్కల మధ్య ఎడం చంద్రబింబం వెడల్పులో సగం కూడా లేదు. అంత ఇరుకులో ఎవరు ముందో ఎవరు వెనకో చూసి పెట్టుకున్నారు, ఆ వరస తప్పితే లోకం తలకిందులైనట్టే అనుకున్నారు. దుర్భిణి లేదు, గడియారం లేదు. కళ్లు ఉన్నాయి, ఓపిక ఉంది.

ఇక లైట్లు తీయించండి. ఫోన్లు జేబుల్లో పెట్టుకోండి, అమ్మా, ఆ టార్చి కూడా. కళ్లకు చీకటి అలవాటు కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అందాకా నేను మాట్లాడుతూ ఉంటాను.

స్థూలారుంధతీ న్యాయం అని పెద్దలు అంటారు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో దీన్ని చెప్పారు. అరుంధతిని చూపించాలనుకున్నవాడు ముందు దగ్గర్లో ఉన్న పెద్ద చుక్కను చూపించి ఇదే అరుంధతి అంటాడు. అది చూశాక, కాదు, దాని పక్కనున్నది అని అసలు చుక్కకు తీసుకెళ్తాడు. మనమూ అలాగే చేద్దాం.

అందరూ ఈశాన్యానికి తిరగండి. స్కూలు బిల్డింగు కుడి మూల పైన. నాలుగు చుక్కల మంచం కనిపించిందా? దాని నుంచి కిందికి వేలాడుతున్న మూడు చుక్కలు? మూడింట్లో నడిమిది పట్టుకోండి. పట్టుకున్నారా? అదే అరుంధతి.

బాగా చూశారా, ఇప్పుడు అది కాదు. దాని పక్కనే, ఆనుకున్నట్టు, చూపు కొంచెం పక్కకు తిప్పితే... తొందరపడకండి. కనిపించినవాళ్లు అరవకండి, పక్కవాళ్లను కూడా చూడనివ్వండి.